అసర్ట్ పెట్టాం కదా!

ముందే చెప్తున్నా, ఇది కంపైలర్లు రాసేవాళ్ళని తిడుతూ రాస్తున్న టపా. నేనూ ఆ బాపతే కాబట్టి నాకూ ఓ రెండు తగుల్తాయి. కంపైలర్ పని చెయ్యనివాళ్ళు "మనకెందుకులే" అని మూసెయ్యకండి. మీరు జావా రాసినా, పైథాన్ రాసినా మీ కోడ్‌లోనూ ఈ జబ్బు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

జబ్బు ఇదీ. ఫంక్షన్ మొదట్లో ఒక అసర్ట్ ఉంటుంది: "ఈ లిస్టు ఖాళీగా ఉండదు" అని. దాని కింది లైన్లోనే ఆ లిస్టులో మొదటిదాన్ని తీసుకుని వాడేస్తాం. కోడ్ రివ్యూలో ఎవరైనా "ఖాళీగా వస్తేనో?" అని అడిగారనుకోండి, ఠక్కున వచ్చే సమాధానం: "అసర్ట్ పెట్టాం కదా!" అక్కడితో చర్చ సమాప్తం. అడిగినవాడు ఏదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు తలొంచుకుంటాడు, చెప్పినవాడు కాఫీకి పోతాడు.

నా గొడవల్లా ఒక్కటే. ఖాళీ ఇన్‌పుట్‌కి కూడా ఒక సరైన జవాబు ఉంటుంది. ఆ జవాబేమిటో కూర్చుని ఆలోచించే పని తప్పించుకోడానికి మనం అసర్ట్‌ని వాడుకుంటున్నాం.

అసర్ట్ అసలు ఏం చేస్తుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. సీ, సీప్లస్‌ప్లస్‌లలో అది ఒక మాక్రో. షరతు తప్పితే ప్రోగ్రాంని అక్కడే ఆపేసి ఫైలు పేరు, లైను నంబరు చెప్తుంది. ఎన్‌డీబగ్ అనే మాక్రో నిర్వచించి ఉంటే మాత్రం ఏమీ చెయ్యదు. తుడిచిపెట్టుకు పోతుంది. సీమేక్‌తో రిలీజ్ బిల్డు చేస్తే ఆ ఎన్‌డీబగ్‌ని సీమేకే మనకి చెప్పకుండా పెట్టేస్తుంది. ఈ సంగతి తెలియకుండా ఐదారేళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళని నేను చూశాను. జావాలో ఐతే మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప అసర్ట్‌లు అసలు పనే చెయ్యవు. పైథాన్‌లో మైనస్ ఓ పెట్టి నడిపితే ఎగిరిపోతాయి.

ఎల్‌ఎల్‌వీఎంలో కూడా అంతే. డీబగ్ బిల్డు కాకపోతే, మనంతట మనం ఆన్ చేసుకుంటే తప్ప, అసర్ట్‌లు ఉండవు. "ఇక్కడికి రానే రాదు" అని రాసే అన్‌రీచబుల్ గుర్తులు ఇంకా ఘోరం. రిలీజ్ బిల్డులో అవి ఆప్టిమైజర్‌కి హామీ పత్రాలుగా మారతాయి. ఒకవేళ వస్తే ఏం జరుగుతుందో ఎవరూ పూచీ ఇవ్వరు.

అంటే మనం రాసిన "అసర్ట్ పెట్టాం కదా" అన్నది మన డెస్కు మీద ఉన్న బిల్డులో మాత్రమే ఉంది. కస్టమర్ చేతిలో ఉన్నదాంట్లో అది లేదు, దాని కింది లైను మాత్రం ఉంది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద రోజూ చూసే దృశ్యమే ఇది. ఇంటి దగ్గర సందులో హెల్మెట్ పెట్టుకుని, పిడుగురాళ్ళ దగ్గర హైవే ఎక్కగానే తీసి ట్యాంకు మీద పెట్టుకునేవాణ్ణి ఏమంటాం? టోనీ హోర్ 1973లోనే ఇంచుమించు ఇదే ఎగతాళి చేశాడు, ఆయన చెప్పింది పడవల గురించి. యాభై ఏళ్ళు దాటింది, మనకి ఇంకా చెవికెక్కలేదు.

సరే, ఇక అసలు కథకి వస్తా.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరు వద్దు) ఒక చిన్న ప్రాసెసర్‌కి కంపైలర్ రాసేవాళ్ళం. నా కింద ఒక ఫ్రెషర్ చేరింది, గురజాల దగ్గరి అమ్మాయి. పల్నాడు యాస వినబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నాది మాచర్ల వైపు. ఆఫీసులో అందరి ముందూ ఇంగ్లీషు, క్యాంటీన్లో మాత్రం "ఏంది", "ఎట్టా" లే. ఆ అమ్మాయికి ఇచ్చిన మొదటి పని స్విచ్ స్టేట్‌మెంట్లకి జంప్ టేబుల్ తయారు చేసే పాస్.

పని తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. స్విచ్‌లో కేసులు దగ్గర దగ్గర అంకెలైతే ఒక్కొక్కదాన్నీ పోల్చుకుంటూ పోకుండా ఒక పట్టిక కడతాం. వచ్చిన విలువలోంచి అన్నిటికన్నా చిన్న కేసుని తీసేస్తే పట్టికలో ఎన్నోదో తెలుస్తుంది. అది "కేసుల సంఖ్య మైనస్ ఒకటి" కన్నా పెద్దదైతే డిఫాల్ట్‌కి దూకుతాం. లేకపోతే పట్టికలో చూసి అక్కడున్న చిరునామాకి దూకుతాం. కేసులన్నీ ఒక వెక్టర్‌లో పెట్టి, సార్ట్ చేసి, మొదటిది తీసుకుంటే అదే చిన్న కేసు.

ఆ "మొదటిది తీసుకోవడం" పైన అసర్ట్ ఉంది, లిస్టు ఖాళీ కాదని. రివ్యూలో ఆ అమ్మాయే అడిగింది: "కేసులే లేకపోతే ఏమయిద్ది అన్నా?"

కేసులు లేని స్విచ్, అంటే ఉత్త డిఫాల్ట్ ఉన్నదో, అదీ లేనిదో, సీలో పూర్తిగా చెల్లుబాటయ్యే ప్రోగ్రాం. ఐతే మా కంపైలర్‌లో అంతకుముందే ఇంకో పాస్ అలాంటి స్విచ్‌ని ఏరేసి మామూలు జంప్‌గా మార్చేస్తుంది. కాబట్టి ఇక్కడిదాకా ఖాళీగా రాదు. ఆ ధీమాతో ఒకాయన చెప్పాడు: "అసర్ట్ పెట్టాం కదమ్మా, వస్తే అక్కడే ఆగుద్ది."

ఆ ఒకాయన నేనే.

ఎనిమిది నెలల తర్వాత ఒక కస్టమర్ దగ్గర్నుంచి ఫిర్యాదు. వాళ్ళ మోటారు కంట్రోలర్ బోర్డు ఒక మోడల్లో మాత్రం మొదలవ్వగానే బిగుసుకుపోతోంది. పైగా డీబగ్గింగ్ కోసం ఆప్టిమైజేషన్ ఆపేసి కంపైల్ చేస్తేనే. ఆప్టిమైజేషన్ పెడితే హాయిగా నడుస్తోంది. మూడు వారాలు ఇద్దరం దానికి బలయ్యాం. హార్డువేర్ వాళ్ళని అనుమానించాం, లింకర్‌ని అనుమానించాం, ఆఖరికి కస్టమర్‌నీ అనుమానించాం.

జరిగిందేమిటంటే, వాళ్ళ సీ కోడ్‌లో చాలా భాగం మనిషి రాసింది కాదు, ఒక టూల్ పుట్టించింది. పెద్ద మోడల్‌కి పన్నెండు ఆప్షన్లు, స్విచ్‌లో పన్నెండు కేసులు. చవక మోడల్‌కి ఆప్షన్లే లేవు. టూల్ నిజాయితీగా సున్నా కేసులూ ఒక డిఫాల్టూ రాసి ఇచ్చింది. ఆప్టిమైజేషన్ ఆపేశారు కాబట్టి ముందు ఏరేసే పాస్ నడవలేదు. మేమిచ్చింది రిలీజ్ బిల్డు కాబట్టి అసర్ట్ లేదు. ఇక మిగిలింది కింది లైను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే చాలామంది "ఖాళీ వెక్టర్‌లో మొదటిది అడిగితే క్రాష్ అవుతుందిలే, క్రాష్ అయితే తెలిసిపోతుందిలే" అనుకుంటారు. ఎప్పుడూ ఏమీ వేసుకోని కొత్త వెక్టరైతే, దానికి మెమరీయే ఉండదు కాబట్టి, అలా కావచ్చు. మాది కొత్తది కాదు. వేగం కోసం ఒకే వెక్టర్‌ని ప్రతి స్విచ్‌కీ క్లియర్ చేసి మళ్ళీ వాడుతున్నాం. క్లియర్ చేస్తే లెక్క సున్నా అవుతుంది, మెమరీ ఎక్కడికీ పోదు, అందులో పాత అంకెలు అలాగే కూర్చుని ఉంటాయి. మొదటిది అడిగితే ముందు స్విచ్ తాలూకు మొదటి కేసు వచ్చింది. క్రాష్ లేదు, హెచ్చరిక లేదు, అచ్చం సరైనదానిలా కనిపించే తప్పుడు అంకె.

మా బాబాయికి లారీ ఉండేది, పిడుగురాళ్ళ బట్టీల నుంచి సున్నం తోలేవాడు. చిన్నప్పుడు సెలవల్లో ఆయనతో వెళ్ళేవాణ్ణి. లోడు ఎక్కించే ముందు ఖాళీ లారీని కాటా ఎక్కించి స్లిప్పు తీసుకునేవాడు. "ఖాళీ బండిని తూచేదెందుకు బాబాయ్?" అంటే, "ఖాళీది ఎంతో తెలవకపోతే లోడెంతో ఎట్టా తెలుద్దిరా అబ్బాయ్?" అన్నాడు. కాటా దగ్గర ఆయన చూపు ఎప్పుడూ మీటరు మీదే. కాటావాడు బద్ధకించి ముందు వెళ్ళిన బండి ఖాళీ తూకమే మన స్లిప్పులో రాసేస్తే, కాగితం మీద అంతా సక్రమంగానే ఉంటుంది, అంకె కూడా నమ్మేట్టే ఉంటుంది, డబ్బులు మాత్రం ఎవరో ఒకరికి పోతాయి. మా కంపైలర్ చేసింది సరిగ్గా ఆ కాటావాడి పనే.

అక్కడితో ఐపోలేదు. "కేసుల సంఖ్య మైనస్ ఒకటి" అన్నాను కదా. సంఖ్య సున్నా. గుర్తులేని 32 బిట్ల అంకెల్లో సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి రాదు, 4294967295 వస్తుంది. అంతకన్నా పెద్ద అంకె ఆ 32 బిట్లలో లేదు. కాబట్టి "పెద్దదైతే డిఫాల్ట్‌కి దూకు" అన్న షరతు ఎప్పటికీ నిజం కాదు. వెళ్ళాల్సింది ఒకే ఒక్క చోటు, డిఫాల్ట్. అక్కడికి తప్ప ఎక్కడికైనా వెళ్తుంది. లేని పట్టికలోంచి, దాని పక్కన మెమరీలో ఏముంటే దాన్ని చిరునామా అనుకుని దూకింది. ఇంకేముంది, బోర్డు బిగుసుకుపోయింది.

బగ్ దొరికిన రోజు మా మేనేజరు అన్న మాట: "ఖాళీ అయితే రిటర్న్ అని ఒక లైను పెట్టండి, సాయంత్రానికి ప్యాచ్ పంపేద్దాం."

అసర్ట్ భక్తుల తర్వాత నాకు అంత ఒళ్ళుమండేది ఈ రిటర్న్ భక్తుల మీద. ఖాళీ అయితే రిటర్న్ అంటే ఏమిటి? ఆ పాస్ ఆ స్విచ్‌కి ఏ కోడూ పుట్టించదు. డిఫాల్ట్‌కి దూకే సూచన కూడా పుట్టదు. ప్రోగ్రాం కిందికి జారి, పక్కనున్న బ్లాకు ఏదైతే దాన్ని నడుపుతుంది. బోర్డు బిగుసుకుపోదు. దర్జాగా తప్పు పని చేస్తుంది. మోటారు కంట్రోలర్ తప్పు పని చెయ్యడంకన్నా బిగుసుకుపోవడమే నయం.

సరైన జవాబు ఒక్క లైనే: కేసులు లేకపోతే నేరుగా డిఫాల్ట్‌కి దూకే సూచన పుట్టించు, డిఫాల్టూ లేకపోతే స్విచ్ తర్వాత ఉన్నచోటికి. కానీ ఆ లైను రాయాలంటే "కేసులు లేని స్విచ్‌కి అర్థం ఏమిటి?" అని ఆలోచించాలి. రివ్యూలో ఆ అమ్మాయి అడిగింది ఆ ప్రశ్నే. నేను దాన్ని అసర్ట్‌తో కొట్టిపారేశాను.

అసలు ఈ ప్రశ్న మనకి కాలేజీలోనే నేర్పారు, అదీ చిత్రం. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు డేటా స్ట్రక్చర్స్ ల్యాబులో స్టాక్ ప్రోగ్రాం అందరం రాశాం. పాప్ చేసే ముందు ఖాళీయేమో చూసి "అండర్‌ఫ్లో" అని ప్రింట్ చెయ్యకపోతే ఎక్స్‌టర్నల్ ఊరుకునేవాడు కాదు. కంపైలర్ డిజైన్ సబ్జెక్టులో ఐతే మొదటి యూనిట్ నుంచే ఎప్సిలాన్. ఖాళీ పదానికి ఒక గుర్తు, ఒక సూత్రం, ఫస్ట్ సెట్‌లో ఎప్సిలాన్ వస్తే ఫాలో సెట్ చూడాలని ఒక నియమం. ఎప్సిలాన్ మర్చిపోయినవాడికి పార్సింగ్ టేబుల్ మొత్తం తప్పొచ్చి పది మార్కులు గోవిందా. ఇంకా వెనక్కి పోతే పాణిని, అక్షరం కనబడకుండా పోవడానికి "లోపం" అని పేరు పెట్టి దాన్నీ ఒక వ్యాకరణ కార్యంగా లెక్కగట్టాడు. ఇవాళ మనం అదే మాటని బగ్గుకి తెలుగుగా వాడుకుంటున్నాం, ఎంత సరిగ్గా కుదిరిందో :-)

ఇంతా నేర్చుకుని ఉద్యోగంలోకి రాగానే "ఖాళీ ఇన్‌పుట్ ఎవడిస్తాడండీ?" అంటాం.

ఎవడిస్తాడా? మనిషి ఇవ్వకపోవచ్చు. కోడ్ పుట్టించే టూల్స్ ఇస్తాయి. మాక్రోలు విప్పుకున్నాక ఏమీ మిగలకపోవచ్చు. ఫైలు మొత్తాన్ని ఇఫ్‌డెఫ్‌లో చుట్టిపెడితే ఒక ప్లాట్‌ఫారం మీద అది ఉత్త ఖాళీ ఫైలే. సీ ప్రమాణం ప్రకారం ఏ డిక్లరేషనూ లేని ఫైలు చెల్లదు, సీప్లస్‌ప్లస్‌లో చెల్లుతుంది. అర్థంకాని సీ ప్రోగ్రాంల పోటీలో 1994లో సున్నా బైట్ల ప్రోగ్రాం ఒకటి, తనని తాను ప్రింట్ చేసుకునే ప్రోగ్రాంలలో అన్నిటికన్నా చిన్నదని చెప్పుకుని, నియమాల్ని ఘోరంగా దుర్వినియోగం చేసినందుకు బహుమతి కొట్టేసింది. 2011లో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు సీస్మిత్ అనే టూల్‌తో యాదృచ్ఛికంగా ప్రోగ్రాంలు పుట్టించి, అందరూ నమ్మి వాడుతున్న కంపైలర్లలో అంతకుముందు తెలియని బగ్గులు 325కి పైగా పట్టుకున్నారు. ఎవడూ ఇవ్వడనుకున్న ఇన్‌పుట్‌కి ఎంత గిరాకీ ఉందో చూశారుగా.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన అక్షరమే ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు గుణింతం ఐఫోన్లని కూలదోసింది, గుర్తుందా? చూడ్డానికి మామూలు "జ్ఞా"యే. లోపల మాత్రం జ, పొల్లు, ఞ, వాటి తర్వాత వెడల్పే లేని ఒక అదృశ్య అక్షరం, ఆపైన దీర్ఘం. తెర మీద ఆ అదృశ్య అక్షరం ఉత్త ఖాళీ. ఆ గుణింతం ఉన్న మెసేజి వస్తే యాప్ పడిపోయేది. ఆపిల్ వాళ్ళు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి, మెమరీ పాడవుతోందనీ, ఇన్‌పుట్ తనిఖీని మెరుగుపరిచి దాన్ని సరిచేశామనీ ప్రకటించారు. "అలాంటి ఇన్‌పుట్ ఎవడిస్తాడు" అని అక్కడా ఎవరో అనుకునే ఉంటారు. వాళ్ళకి తెలుగువాడు తగిలాడు.

అసర్ట్‌ల గురించి ఇంకో సంగతి, దీన్ని చాలా తక్కువమంది పట్టించుకుంటారు. కొన్ని అసర్ట్‌లు ఆన్‌లో ఉన్నా ఖాళీని పట్టుకోలేవు. "ఈ లిస్టులో ఉన్నవన్నీ రిజిస్టర్లే" అని ఒక అసర్ట్ రాశారనుకోండి. లిస్టు ఖాళీ అయితే? అన్నీ రిజిస్టర్లే! ఆల్ ఆఫ్ అనే ఫంక్షన్ ఖాళీ లిస్టుకి నిజం అనే చెప్తుంది, గణితం ప్రకారం అదే సరైనది. మా పల్నాడువాళ్ళకి ఇది కొత్త కాదు. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలోనూ పిడుగురాళ్ళలోనూ అన్ని వార్డులూ ఏకగ్రీవం. పడిన ఓట్లన్నీ గెలిచినవాళ్ళకేనా? అవును, అన్నీ. ఎన్ని పడ్డాయి? ఒక్కటీ లేదు. (రాజకీయం మాట్లాడట్లేదు బాబూ, ఆల్ ఆఫ్ గురించి మాట్లాడుతున్నా.) ఇలాంటి అసర్ట్ పాసైందని ధీమాగా ముందుకెళ్ళి, కింద మొదటిదాన్ని తీసుకునే కోడ్‌ని నేను ఒకే ఫైల్లో నాలుగు చోట్ల చూశాను.

మూడో రకం మేధావులు కూడా ఉన్నారు. ఖాళీగా ఉంటే ఏదో ఒక డమ్మీ విలువ పెట్టేస్తారు, సున్నానో మైనస్ ఒకటో. దీని ఫలితం మన అమెరికా మిత్రులకి నేను చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి, రెండో గడి ఖాళీగా ఉంటే, వీసా మీద మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యు అని కొడతారు. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అది పేరు గడిలో ఉంది కాబట్టి ఆ తర్వాతి సిస్టంలన్నీ దాన్ని పేరే అనుకుంటాయి. బ్యాంకు నుంచి ఉత్తరం "డియర్ ఫ్ను" అని వస్తుంది. ఒక ఖాళీ గడిని ఖాళీగా ఉంచే ధైర్యం ఒక ఫారానికి లేకపోవడం వల్ల ఎన్నెన్ని తెలుగు, తమిళ కుటుంబాల్లో భార్యాభర్తలూ పిల్లలూ అందరూ ఫ్నులయ్యారో. కంపైలర్‌లో ఆ డమ్మీ సున్నా కూడా ఇలాగే ఒక పాస్ నుంచి ఇంకో పాస్‌కి పోయి, చివరికి నిజమైన సున్నాగా చెలామణీ అవుతుంది.

భాషల్ని రూపొందించే పెద్దలు కూడా ఈ విషయంలో ఏమంత పొడిచెయ్యలేదు. మెమరీ కాపీ చేసే ఫంక్షన్‌కి నల్ పాయింటరు ఇచ్చి, పొడవు సున్నా ఇస్తే? సున్నా బైట్లు కాపీ చెయ్యమంటే ఏమీ చెయ్యక్కర్లేదని మా బాబాయి కూడా చెప్తాడు. సీ 1999 ప్రమాణం మాత్రం పొడవు సున్నా అయినా సరే పాయింటరు సక్రమంగా ఉండాల్సిందేనంది. దాన్ని ఆసరా చేసుకుని 2014లో వచ్చిన జీసీసీ 4.9 ఇంకో అడుగు ముందుకేసింది. మెమ్‌మూవ్‌కి ఇచ్చావు కాబట్టి ఈ పాయింటరు నల్ అయ్యే అవకాశమే లేదని తీర్మానించి, దాని తర్వాత మనం జాగ్రత్తగా రాసుకున్న నల్ తనిఖీని పీకి పారేయడం మొదలుపెట్టింది. పొడవు సున్నా అయినా అంతే. వాళ్ళే తమ మార్పుల పత్రంలో ఉదాహరణతో సహా హెచ్చరించారు, అది మెచ్చుకోవాలి. సున్నా పొడవుతో నల్ ఇవ్వొచ్చని, తర్వాత రాబోయే ప్రమాణం కోసం, సీ సంఘం ఒప్పుకునేసరికి 2024 వచ్చింది. సున్నా గజాల గుడ్డ కొనడానికి కొట్టు ఉండాలా వద్దా అని తేల్చుకోడానికి పాతికేళ్ళు!

ఖాళీ స్ట్రక్ట్ సంగతి వింటే మా బాబాయి సంతోషిస్తాడు. జీసీసీలో సీ కింద దాని పరిమాణం సున్నా, సీప్లస్‌ప్లస్ కింద ఒకటి. రెండు వస్తువులకి ఒకే చిరునామా రాకూడదని సీప్లస్‌ప్లస్ ఖాళీదానికీ ఒక బైటు తూకం వేసింది. ఆ ఖాళీ క్లాసుని ఫంక్షన్‌కి ఎలా పంపాలన్న దాంట్లో తప్పుంటే 2018లో జీసీసీ 8 వచ్చాక గానీ 64 బిట్ల ఇంటెల్ మెషీన్ల మీద సరిచెయ్యలేదు.

ఇప్పుడు తెలివైనవాళ్ళ అభ్యంతరం. "అన్నిచోట్లా తనిఖీలు పెడితే నెమ్మదిస్తుంది, అందుకే రిలీజ్‌లో తీసేస్తాం" అంటారు. ఏ తనిఖీ ఖరీదైనదో ఎప్పుడైనా కొలిచారా? లిస్టు ఖాళీయా కాదా అన్నది ఒక పోలిక, ఒక బ్రాంచి. ఖరీదైనవి వేరే ఉంటాయి: మొత్తం గ్రాఫ్ సరిగ్గా ఉందా అని ప్రతి పాస్ తర్వాతా తిరిగి చూసే లాంటివి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి అన్నిటినీ పీకెయ్యడం బద్ధకం. జీసీసీ వాళ్ళు ఎప్పటినుంచో వీటిని విడదీశారు. చవకైనవి ఒక మాక్రో కింద, మామూలు రిలీజుల్లో కూడా బతికే ఉంటాయి. ఖరీదైనవి ఇంకో మాక్రో కింద, డెవలపర్ బిల్డుల్లోనే. అందుకే జీసీసీ దారి తప్పినప్పుడు "కంపైలర్ అంతర్గత లోపం" అని ఒప్పుకుని ఆగుతుంది. రస్ట్‌లో మామూలు అసర్ట్ రిలీజ్‌లోనూ ఉంటుంది, తీసెయ్యదగ్గది కావాలంటే వేరే పేరుతో అడగాలి. పైగా స్లైస్‌లో మొదటిది అడిగితే "ఉండొచ్చు, లేకపోవచ్చు" అన్న రకమే వస్తుంది, లేనప్పుడేం చెయ్యాలో రాయకుండా కంపైల్ అవ్వదు. ఫెడోరావాళ్ళు 2018లో, 28వ విడుదలకి, ఖాళీ వెక్టర్‌లో మొదటిది అడిగితే ఆపేసే లైబ్రరీ తనిఖీల్ని తమ ప్యాకేజీలన్నిటికీ ఆన్ చేశారు. కొంపలేం మునగలేదు.

నేను అసర్ట్‌లు వద్దనట్లేదు. రేపట్నుంచి అన్నీ పీకేసి ఇఫ్‌లు పెట్టుకుంటూ పోతే ఈ టపా రాసిన పాపం నాకు తగుల్తుంది. పార్సర్ ఖాళీ ఆర్గ్యుమెంట్లని గడప దగ్గరే పట్టుకుని యూజర్‌కి అర్థమయ్యే ఎర్రర్ ఇచ్చేసిందనుకోండి, లోపల అసర్ట్ పెట్టుకోండి, దివ్యంగా ఉంటుంది. అది మన కోడ్ గురించి మనం అనుకున్నది నిజమేనా అని చూసుకోడం. యూజర్ రాసిన ఫైలు ఏ దారిలోనైనా, ఏ ఆప్షన్లతోనైనా ఆ లైను దాకా ఖాళీతో రాగలిగితే మాత్రం అక్కడ అసర్ట్ చెల్లదు. "ముందు పాస్ ఏరేస్తుందిలే" అంటే కుదరదు, ఆ పాస్‌ని ఆపేసే ఫ్లాగ్ మనమే ఇచ్చాం.

కథ మిగిలింది కదా. బగ్ రిజిస్టర్ చేసినప్పుడు "కారణం" అన్న గడిలో కోడ్ రాసినవాళ్ళ పేరు దానంతటదే పడుతుంది. ఆ అమ్మాయి పేరు పడింది. రివ్యూ చేసినవాడి పేరుకి గడి లేదు. రెండు రోజులు నేను నోరెత్తలేదు. మొదటిరోజు నిజంగానే మర్చిపోయాననుకున్నాను. రెండోరోజు పాత రివ్యూ తెరిచి చూశాను, "ఖాళీ అయితే?" అన్న ప్రశ్న, దాని కింద నా జవాబు, తేదీతో సహా ఉన్నాయి. మూడోరోజు మేనేజరుకీ టీముకీ మెయిల్ రాశాను, అడిగింది ఆమె, కొట్టేసింది నేను అని. మేనేజరు "పర్లేదులే, ఎవరైతే ఏంటి" అన్నాడు. ఆ గడిలో పేరు మాత్రం మారలేదు, ఆ సిస్టంలో మార్చడానికి వీల్లేదట. ఆ ఏడు అప్రైజల్లో ఆమెకి ఏమొచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్నాడు ఉగాది పెట్టుకుని రిజైన్ చేసింది.

ఆ తర్వాత మా టెస్టుల్లో "ఖాళీ" అని ఒక ఫోల్డర్ పెట్టాను. ఖాళీ ఫైలు, ఖాళీ ఫంక్షన్, ఖాళీ స్విచ్, ఖాళీ స్ట్రక్ట్, ఖాళీ మాక్రో, ఒక్క కామెంటు తప్ప ఏమీ లేని ఫైలు, చివర కొత్త లైను కూడా లేని ఫైలు. ప్రతిదాన్నీ అన్ని ఆప్టిమైజేషన్ స్థాయుల్లోనూ, అసర్ట్‌లు ఉన్న బిల్డుతో ఒకసారీ లేని బిల్డుతో ఒకసారీ. మొదటిరోజే ఇంకో మూడు బయటపడ్డాయి. అందులో ఒకటి నేను రాసిందే. కంపెనీ మారినప్పుడు ఆ అలవాటు నాతోపాటే వచ్చింది, ఇక్కడా చేరిన వారానికి అదే ఫోల్డర్ పెట్టాను.

మొన్న ఆమె దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. ఇప్పుడు బెంగుళూరులో ఇంకో కంపైలర్ టీములో ఉంది. "ఖాళీ ఎన్యూమ్ ఇస్తే మీ దాంట్లో ఏమయిద్ది అన్నా?" అని. సీలో అది తప్పు, సీప్లస్‌ప్లస్‌లో ఒప్పు. మా ఫోల్డర్‌లో ఆ టెస్టు లేదు. సోమవారం చూసి చెప్తానన్నాను.